తిత్తిలోని ఊపిరి

గత సంచికలో ఎయిర్ బ్రేకు గొట్టాలలో గాలి కారడాన్ని గురించి వ్రాసినప్పుడు, ఈ నెల కూడా గాలి కారడం గురించే వ్రాయవలసి వస్తుందని నేననుకోలేదు. అయితే ఈసారి గాలి కారినది రైలుబండిలో కాదు, ఒక తోలుసంచిలో. పాఠక మిత్రులు కొంచెం ఓపిక పట్టి వినాలి.

ఒక ఆదివారం ఉదయం కాఫీ త్రాగుతూ పత్రిక చూస్తున్నాను. పక్క వాటా నుండి, గేదె ఈనలేక బాధపడుతున్నట్లు ఒక దీర్ఘమైన మూలుగు వినవచ్చింది. అది ఒక్కక్షణం ఆగి, సన్నని కీచుగా మారి, చివరకు నిట్టూర్పుగా ముగిసింది. మా శ్రీమతి కంగారుగా బయటకు వెళ్లి చూసి, నవ్వుకుంటూ తిరిగి వచ్చింది. ఆమె వెనుకనే ఎనిమిదవ తరగతి చదివే పక్కింటి పాప, దుప్పటిలో చుట్టిన దేనినో చంటిబిడ్డను ఎత్తుకున్నట్లు ఎత్తుకొని వచ్చింది.

"అంకుల్, మీరు రైలు బ్రేకుల లీకేజీ పట్టుకుంటారని నాన్న చెప్పారు. దీనిది కూడా పట్టుకుంటారా?"

దుప్పటి విప్పితే బ్యాగ్‌పైప్. వాళ్ల పాఠశాలలో బాలికల పైప్ బ్యాండు ఉన్నదట. వాయిద్యాలు తొమ్మిది, వాటిలో నిజంగా మ్రోగేవి ఆరు. పోటీకి పేరు ఇచ్చారు. ఇంకొక్క వాయిద్యం మూలబడినా పేరు ఉపసంహరించుకొంటామని మాస్టారు చెప్పారట. ఆ తరువాత బ్యాండు ఉంటుందో లేదో కూడా సందేహమే. కొత్తవి కొనేందుకు నిధులు లేవు, పాతవి బాగుచేసేవారు ఊళ్లో లేరు. ఇంతా చెప్పి ఆ పిల్ల నా ముఖంలోకి చూసిన చూపును ఏ ఇంజనీరూ కాదనలేడు.

ఖరగ్‌పూర్ చూడని పాఠకుల కోసం ఇక్కడ నాలుగు మాటలు. ఇది రైలు కన్న ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ, పంతొమ్మిదవ శతాబ్దపు చివరి సంవత్సరాలలో ఇక్కడ కూడలిని, కర్మాగారాన్ని నెలకొల్పింది. ఆ కర్మాగారంలో పనికై శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం సీమల నుండి మనవాళ్లు తండోపతండాలుగా తరలివచ్చారు. స్టేషను ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దానిని మించిపోయేవరకు మా ఊరివారు ఆ సంఖ్యను ఇంటిపేరు వలె చెప్పుకొనేవారు. నేటికీ మథురాకాటిలోనో, నింపురాలోనో సాయంకాలం నడిస్తే గుమ్మాల ముందు ముగ్గులు కనిపిస్తాయి, అరుగుల మీద శ్రీకాకుళపు యాస వినిపిస్తుంది. మూడవ, నాలుగవ తరం పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడతారు, వీథిలో హిందీ, అంగడిలో బంగ్లా. తెలుగు చదవగలిగినవారు మాత్రం ఏటికేడాది తగ్గుతున్నారు. మన సంస్థ పనిమీద ఇక్కడికి వచ్చి ఉంటున్నా, నేనూ ఈ ఊరి క్వార్టర్లలోనే పుట్టి పెరిగినవాడిని కనుక ఈ మాట బాధతోనే వ్రాస్తున్నాను.

ఇక వాయిద్యం సంగతి. దానిని విప్పి బల్లమీద పరిచి చూచినప్పుడు నాకు ముందుగా కలిగినది గౌరవం. ఇంత తక్కువ భాగాలతో ఇంత చక్కని వాయు యంత్రాన్ని నేను అరుదుగా చూశాను. నోటితో ఊదే గొట్టం ఒకటి; దాని కొసను చిన్న తోలుముక్కతో చేసిన నాన్-రిటర్న్ వాల్వు. ఊదిన గాలి లోపలికి పోతుందే గాని తిరిగి నోటిలోకి రాదు. చంక క్రింద ఇముడే సంచి ఒకటి. సంచి నుండి క్రిందికి వేలాడే గొట్టం 'చాంటర్'. పాట పలికేది దానిలోనే. దానికి మన సన్నాయిలో ఉన్నట్లే రెండు పలుచని ఆకుల పీక ఉంటుంది. భుజంమీదుగా పైకి నిలబడే మూడు పొడుగు గొట్టాలు డ్రోన్లు. ఈ రోజులలో డ్రోన్ అనగానే పెళ్లి పందిరిపై ఎగిరే కెమెరా గుర్తుకు వస్తుంది గాని, సంగీతంలో ఆ మాటకు అర్థం ఆగకుండా మ్రోగే శ్రుతి. నాగస్వర మేళంలో ఒత్తు ఊదేవాని పని ఇక్కడ ఈ మూడు గొట్టాలు చేస్తాయి. వాటిలో రెండు చాంటర్ ఆధార స్వరానికి ఒక స్థాయి క్రింద, మూడవది రెండు స్థాయిల క్రింద పలుకుతాయి.

ఒత్తు ఊదే పెద్దలను గమనించినవారికి తెలుస్తుంది: వారు బుగ్గలలో గాలి నిలువచేసి, దానిని వదులుతూనే ముక్కుతో ఊపిరి పీలుస్తారు. నాదం తెగదు. ఆ విద్య అలవడడానికి ఏళ్లు పడుతుంది. ఆ బుగ్గల పనిని సంచికి అప్పగించిన బుద్ధిమంతుడెవరో గాని అతడు నిజంగా ఇంజనీరే! వాయిద్యకాడు ఊపిరి తీసుకొనే క్షణంలో మోచేతితో సంచిని నొక్కుతాడు. ఊదేటప్పుడు మోచేతిని వదులు చేస్తాడు. ఏ క్షణంలోనూ లోపలి ఒత్తిడి మారరాదు. మారితే స్వరం వణుకుతుంది. నీటి మట్టంతో కొలిస్తే ఆ ఒత్తిడి సుమారు 60 నుండి 80 సెంటీమీటర్లు. ఇది రెండు నిమిషాలు ఊదితే తెలిసే సంఖ్య. నేను ఊది చూశాను. మా శ్రీమతి మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది.

ఇంకొక చిక్కు ఉన్నది. చాంటర్‌లో నాదం ఒకసారి ఆరంభమయితే మధ్యలో విరామం లేదు. గట్టిగా, మెల్లగా అన్న భేదమూ లేదు. ఒకే స్వరం రెండుసార్లు పలకాలంటే మధ్యలో మరొక వ్రేలిని రెప్పపాటు ఎత్తి దించాలి. మన గమకం స్వరానికి అలంకారం. ఇక్కడి అలంకారం స్వరాన్ని స్వరం నుండి విడదీసే గోడ. ఉన్న స్వరాలు తొమ్మిదే. ఆ తొమ్మిదింటితో, ఆ గోడలతో, రెండు వందల ఏళ్లకు పైగా ఒక జాతి తన యుద్ధాలను, పెళ్లిళ్లను, చావులను పలికించుకొన్నది.

మొదట సంచిని పరీక్షించాను. గొట్టాలన్నీ తీసి, ఆ రంధ్రాలకు రబ్బరు బిరడాలు బిగించి, ఊది, పది నిమిషాలు వదిలిపెట్టాను. సంచి దిట్టంగా నిలిచింది. అంటే తప్పు సంచిది కాదు, కీళ్లది. గొట్టాలు ఒకదానిలో ఒకటి అమరేచోట చుట్టిన దారం ఎండి, చిక్కిపోయి ఉన్నది. అంతకంటె ముఖ్యంగా, ఊదుగొట్టం చివరి తోలు వాల్వు బిరుసెక్కి సగమే మూసుకొంటున్నది. ఆ పిల్ల ఊదిన గాలిలో ఎంత భాగం తిరిగి ఆమె నోటిలోకే వస్తున్నదో! అయినా ఇన్నాళ్లు వాయించిందంటే, లోపం ఆమె ఊపిరితిత్తులది కాదని తేలిపోయింది.

ఊపిరితిత్తులు. ఆ మాట నా నోట రాగానే నేను పని ఆపి కూర్చున్నాను. తిత్తి! మన భాషలో ఎంత అందమైన మాట అది. కొలిమితిత్తి, నీటితిత్తి, ఊపిరితిత్తి. చిన్ననాడు అల్లరి మితిమీరితే మా నాన్నగారు "తిత్తి తీస్తానొరేయ్" అనేవారు. తోలు చీరకుండా మేకను నిలువునా ఒలిచి సంచి చేయడమే ఆ మాట వెనుకనున్న పని అని చాలా కాలానికి గాని నాకు తెలియలేదు.

మా నాన్నగారు ఇక్కడి కర్మాగారంలో కమ్మరి విభాగంలో పనిచేసేవారు. తాతగారు ఊళ్లో కొలిమి ఊదినవారే. 1970ల చివర ఒక గణతంత్ర దినోత్సవం నాడు నన్ను భుజంమీద ఎక్కించుకొని సేర్సా మైదానంలో కవాతు చూపించారు. సైనిక దుస్తులలో ఒక పైప్ బ్యాండు వచ్చింది. నేను నోరు తెరచుకొని చూస్తుంటే, ఆయన నింపాదిగా అన్నమాట ఇప్పటికీ చెవిలో ఉన్నది: "ఇదేట్రా, మన తిత్తే గదా! మన ఊళ్లో బాగోతం ఆడినపుడు ఎనకాల నిలబడి ఊదీవోళ్లు. దీనికి బట్టలు తొడిగారు, అంతే."

నాన్నగారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. తిత్తి అనే పేరుతోనే మనకొక వాయిద్యం ఉండేది. పూర్తి మేకతోలుతో చేసిన సంచి, ఊదడానికొక గొట్టం, పలకడానికొక గొట్టం. వీథి భాగవతాలకు, యక్షగానాలకు దానితో శ్రుతి పట్టేవారు. తమిళ దేశంలో దానినే శ్రుతి ఉపాంగమన్నారు. ఉత్తరాదిన మశక్ అన్నారు. భిస్తీలు నీళ్లు మోసే తోలుసంచి పేరది. తిత్తి పాట పాడేది కాదు, పాటకు అండగా నిలిచేది. హార్మోనియం వచ్చింది, శ్రుతిపెట్టె వచ్చింది, చివరకు మీట నొక్కితే మ్రోగే ఎలక్ట్రానిక్ పెట్టె వచ్చింది. తిత్తి ఎప్పుడు అటకెక్కిందో ఎవరూ గమనించలేదు. దానికి పోటీ లేదు, పరీక్ష లేదు, బడి లేదు. ఊదేవాడు ముసలివాడయ్యాడు, అంతే.

స్కాట్లండు వాయిద్యం ఇందుకు భిన్నమైన త్రోవ పట్టింది. దానిని దేశాంతరాలకు మోసుకుపోయినది సైన్యం. బ్రిటిష్ పటాలాల వెంట భారతదేశానికి వచ్చి, పంతొమ్మిదవ శతాబ్దంలో సిక్కు, గూర్ఖా, గఢ్వాలీ దళాల చేతికి చేరింది. సిపాయిలు సెలవులకు ఇళ్లకు వెళుతూ దానిని వెంట తీసుకుపోయారు. నేడు గఢ్వాల్, కుమావూఁ కొండలలో మశక్‌బీన్ లేనిదే పెళ్లి లేదు. అది పరదేశం నుండి వచ్చినదని అక్కడి వధూవరులకు గుర్తు కూడా ఉండదు. పాకిస్తానులోని సియాల్‌కోట్ నుండి ఈ వాయిద్యాలు ప్రపంచమంతటికీ ఎగుమతి అవుతాయి. మన మీరట్‌లోనూ బ్యాండు వాయిద్యాల తయారీ పెద్ద పరిశ్రమ. ఏటా జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో జరిగే బీటింగ్ రిట్రీట్‌లో మన సైనిక పైప్ బ్యాండ్లను దూరదర్శన్‌లో చూడని ఇల్లుండదు.

మా ప్రాంతానికీ ఆ దేశంతో పాత బంధుత్వమున్నది. కలకత్తా చుట్టుపక్కల జనపనార మిల్లులు నడిపినవారిలో స్కాట్లండు డండీ నగరపువారు అనేకులు. కలకత్తాలో వారు కట్టుకొన్న సెయింట్ ఆండ్రూస్ చర్చి 1818 నాటిది. 1914లో కలకత్తా స్కాటిష్ అనే స్వచ్ఛంద దళాన్నే నెలకొల్పుకొన్నారు; స్వాతంత్ర్యంతో అది ముగిసింది. మరి మన రైళ్లు? 1903లో మూడు కంపెనీలు కలిసి ఏర్పడిన నార్త్ బ్రిటిష్ లోకోమోటివ్ కంపెనీ గ్లాస్గోలోనిది. అక్కడ తయారైన ఆవిరి ఇంజన్లు వందలకొద్దీ భారతదేశానికి వచ్చాయి. వాటిని తుడిచి, నూనె పోసి, బొగ్గువేసిన మన తాతలు ఇంగ్లీషు రాకున్నా గ్లాస్గో అన్న ఊరిపేరు ఇత్తడి బిళ్లపై రోజూ చూసినవారే.

ఆ గ్లాస్గోలోనే ఏటా ఆగస్టు నెలలో ప్రపంచ పైప్ బ్యాండు పోటీలు జరుగుతున్నాయి. ఈ పోటీలు ప్రస్తుత రూపంలో 1947లో ఆరంభమయ్యాయి. సుమారు రెండు వందల బ్యాండ్లు, వేలకొద్దీ వాయిద్యకారులు ఒకచోట చేరుతారు. పద్ధతి చాలా కఠినం. బ్యాండు వరుసలో నిలబడుతుంది. ముందుగా డోళ్లపై రెండు దరువులు. రెండవ దరువు ముగియడానికి ముందే, ఇరవై ముప్పై సంచులను ఇరవై ముప్పై మోచేతులు ఒక్కసారిగా నొక్కాలి. డ్రోన్లన్నీ ఒకే క్షణంలో పలకాలి, ఆ వెంటనే చాంటర్లన్నీ ఒకే స్వరంతో ఎత్తుకోవాలి. ఒక్కడు అరక్షణం ముందు పలికినా, ఒక్క సంచి ఆలస్యంగా మూలిగినా బహుమతి చేజారినట్లే. తరువాత నడుస్తూ వచ్చి వలయంగా నిలబడి వాయిస్తారు. న్యాయనిర్ణేతలు ఆ వలయం చుట్టూ కాగితాలు పట్టుకొని తిరుగుతూ ఉంటారు. అందులో ఇద్దరు పైపులను, ఒకరు డోళ్లను, ఒకరు మొత్తం మేళవింపును పరీక్షిస్తారు. ఆరేడు నిమిషాలలో అంతా అయిపోతుంది. దానికై ఏడాది సాధన.

ఇరవై చాంటర్లను ఒకటిగా శ్రుతి చేయడమంటే ఏమిటో ఇంజనీరు దృష్టితో చెబుతాను. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే గాలిలో ధ్వనివేగం దాదాపు 1.7 శాతం పెరుగుతుంది. సూత్రప్రకారం గొట్టం పలికే స్వరమూ ఆ మేరకు పైకి పోవాలి. ఊదేవారి శ్వాసలోని తేమతో పీక ఉబ్బుతుంది. ఒక్కొక్కరి శ్వాస ఒక్కొక్క తీరు. ఎండలో శ్రుతి చేసుకొన్నది మబ్బు పట్టగానే చెడిపోతుంది. గ్లాస్గోలో మబ్బుకు కొదువ లేదు. అందుచేత పైప్ మేజర్ అనబడే నాయకుడు చివరి నిమిషం వరకు ఒక్కొక్కరి డ్రోను దగ్గర చెవి పెట్టి, గొట్టాన్ని వెంట్రుకవాసి జరుపుతూ తిరుగుతాడు. మన మృదంగ విద్వాంసుడు కచేరీ మధ్యలో రాయితో వారుపై తట్టడం వంటిదే గాని, ఇక్కడ మృదంగాలు ఇరవై!

1947 నుండి నలభై ఏళ్లపాటు అగ్రశ్రేణి బహుమతి స్కాట్లండు దాటి బయటకు పోలేదు. పోతుందని ఎవరూ అనుకోలేదు. పుట్టింటి విద్య పుట్టింటిలోనే కదా వర్ధిల్లేది! 1987లో కెనడా దేశపు టొరంటో ప్రాంతం నుండి 78వ ఫ్రేజర్ హైలాండర్స్ అనే బ్యాండు వచ్చి ఆ బహుమతిని ఎగరేసుకుపోయింది. 1759లో క్విబెక్ యుద్ధంలో పాల్గొన్న ఒక పాత స్కాటిష్ పటాలం పేరు దానిది. నాయకుడు బిల్ లివింగ్‌స్టన్. 1992లో ఉత్తర ఐర్లండుకు చెందిన ఫీల్డ్ మార్షల్ మాంట్‌గామరీ బ్యాండు, 1998లో ఆస్ట్రేలియా విక్టోరియా రాష్ట్రపు పోలీసు బ్యాండు, 2010లో డబ్లిన్ నగరపు సెయింట్ లారెన్స్ ఓటూల్ బ్యాండు గెలిచాయి.

అయితే నన్ను ఎక్కువగా ఆకట్టుకొన్నది మరొకటి. కెనడా పడమటి అంచున, బ్రిటిష్ కొలంబియాలో బర్నబీ కొండపై సైమన్ ఫ్రేజర్ విశ్వవిద్యాలయమున్నది. 1965లో తెరచిన విశ్వవిద్యాలయం. ఆ ప్రాంతపు కథ కూడా మన కథవలె రైలు కథే. కెనేడియన్ పసిఫిక్ రైల్వేను నిర్మింపజేసిన పెద్దలలో స్కాట్లండువారు ప్రముఖులు. 1885 నవంబరు 7న ఆఖరి మేకును కొట్టిన డొనాల్డ్ స్మిత్ స్కాట్లండులో పుట్టినవాడే. ఆ స్థలానికి పెట్టిన క్రెయిగెలాఖీ అనే పేరు కూడా స్కాట్లండుదే. తూర్పు ప్రాంతం నుండి వచ్చిన మొదటి రైలు 1886లో ఆగినది, ఈ విశ్వవిద్యాలయపు కొండ పాదాన ఉన్న పోర్ట్ మూడీ అనే ఊళ్లో.

ఆ విశ్వవిద్యాలయపు బ్యాండును 1981లో టెర్రీ లీ, జాక్ లీ అనే అన్నదమ్ములు చేపట్టారు. పద్నాలుగేళ్ల తరువాత, 1995లో, ఆ బ్యాండు గ్లాస్గోలో ప్రపంచ విజేత అయింది. మరుసటి ఏడాది మళ్లీ. 1999, 2001, 2008, 2009. మొత్తం ఆరుసార్లు. 1998లో న్యూయార్కు కార్నెగీ హాలులో కచేరీ చేసింది. టెర్రీ లీ 2013 వరకు, అంటే ముప్పై రెండేళ్లు, పైప్ మేజర్‌గా ఉన్నాడు. మన ఉద్యోగాలలో ఒక మనిషి ఒకే కుర్చీలో ముప్పై రెండేళ్లు ఉండడం సాధ్యమా అని అడగకండి, ఆడిట్‌వారు ఒప్పుకోరు.

స్కాట్లండుకు ఏడువేల కిలోమీటర్ల దూరాన, సముద్రానికి ఆవలనున్న ఊరికి ఇది ఎలా సాధ్యమయింది? నాకు తోచిన కారణం పెద్ద రహస్యమేమీ కాదు. పెద్ద బ్యాండుకు అనుబంధంగా వారు రాబర్ట్ మాల్కమ్ స్మారక బ్యాండు పేరిట పిల్లల బ్యాండ్లను పెంచారు. ఏమీ రాని పిల్లవాడు ఒక మెట్టు, కొంచెం వచ్చినవాడు ఒక మెట్టు, ఇలా శ్రేణులుగా. ప్రతి మెట్టుకూ గురువు, ప్రతి మెట్టుకూ పోటీ. పై మెట్టులో ఖాళీ అయితే క్రింది మెట్టు నుండి ఒకడు వస్తాడు. మన కర్మాగారాలలో అప్రెంటిసు నుండి ఫిట్టరు, ఫిట్టరు నుండి చార్జిమను ఎదిగినట్లే. ముత్తాతల జ్ఞాపకార్థం ఏడాదికొకసారి లంగోటా వంటి గళ్ల బట్ట కట్టుకొని ఊదడం ఒకటి. ప్రతివారం ఒక పిల్లవానికి నేర్పి, ఏడాదికొకసారి పుట్టింటివారి ముందే నిలబడి "పరీక్షించండి" అనడం మరొకటి. (గళ్ల బట్టను లంగోటాతో పోల్చినందుకు స్కాటిష్ మిత్రులు క్షమింతురుగాక. మోకాళ్ల వరకు ఉంటుందని నాకు తెలుసు.)

ఇది శ్వేతజాతీయులకే చెల్లిందని అనుకోవద్దు. మలేసియా రాజధాని కౌలాలంపూర్‌లో 1986లో అక్కడి సిక్కు యువకుల కోసం శ్రీ దశ్‌మేష్ పైప్ బ్యాండు ఏర్పడింది. పంజాబు నుండి పోలీసు, సైనిక కొలువులకై వలసపోయినవారి వంశస్థులు చాలామంది ఉన్న దేశమది. తలపాగాలు ధరించి 2019లో గ్లాస్గో ప్రపంచ పోటీలకు వారు హాజరయ్యారు. రెండు విధాల పరాయి గడ్డ అది వారికి: వాయిద్యమూ వారిది కాదు, ఊరూ వారిది కాదు.

మన దేశంలోనూ పోటీలున్నాయి. అఖిల భారత పోలీసు బ్యాండు పోటీలలో పైప్ బ్యాండ్లకు ప్రత్యేక విభాగమున్నది. రక్షణ, విద్యా మంత్రిత్వ శాఖలు కలిసి గణతంత్ర దినోత్సవ సందర్భంగా పాఠశాలలకు జాతీయ స్థాయి బ్యాండు పోటీ నిర్వహిస్తున్నాయి. బాలుర, బాలికల పైప్ బ్యాండ్లు అందులో వేరువేరు విభాగాలు. మా పక్కింటి పాప ఆశ పెట్టుకొన్నది దాని మొదటి మెట్టుమీదనే.

మళ్లీ బల్ల దగ్గరకు వద్దాము. పాత దారమంతా విప్పి, మైనం పట్టించిన నూలుదారాన్ని ప్రతి కీలుకూ కొత్తగా చుట్టాను. గట్టిగా తిప్పితేనే కదిలేంత బిగువుగా. వాల్వుకు పాత చెప్పు లోపలి మెత్తని తోలును నాణెమంత కత్తిరించి, ఆముదం రాసి అమర్చాను. ఖర్చు పదిహేను రూపాయలు, చెప్పు కాక. ఊదితే డ్రోన్లు మూడూ పలికాయి. గోడమీది క్యాలెండరు వణికింది.

అయినా స్వరం నిలకడగా లేదు. ఇప్పుడు లోపం యంత్రానిది కాదు, మోచేతిది. ఒత్తిడిని చెవితో పట్టుకోవడానికి ఏళ్లు పడుతుంది, కంటితో అయితే వారం చాలునని నాకు తోచింది. ఆసుపత్రి సెలైనుకు వాడే తరహా పారదర్శక గొట్టాన్ని రెండు మీటర్లకు పైగా తెచ్చి, 'యు' ఆకారంలో తలుపు చట్రానికి బిగించి, సగందాకా నీలిసిరా కలిపిన నీళ్లు పోశాను. ఒక డ్రోను తీసి ఆ రంధ్రంలో బిరడా ద్వారా గొట్టపు ఒక కొసను అమర్చాను. ప్రయోగశాలలో మనమంతా చూసిన మానోమీటరే. ఇలా సాధన చేయడం పైప్ వాయిద్యకారులలో ముందునుండీ ఉన్నదేనని తరువాత తెలిసింది. నేను కనిపెట్టానని గర్వించిన ఆనందం రెండు రోజులే మిగిలింది. రెండు వైపుల మట్టాల మధ్య 70 సెంటీమీటర్ల భేదం వచ్చేచోట ఎర్రగీత గీశాను. ఊదినా, ఊపిరి పీల్చినా నీలినీరు ఆ గీతను వదలకూడదు. మొదటిరోజు అది ఊయలవలె ఊగింది. నాలుగవ రోజుకు తొణికింది. పదవ రోజుకు చిన్నగా వణుకుతూ నిలిచింది.

ఆ పది రోజులలో క్వార్టర్ల వరుసలో ఒక చిన్న యుద్ధమే జరిగింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన గార్డుగారు ఒకరు పగటి నిద్ర చెడుతున్నదని మొరపెట్టుకొన్నారు. ఆయన బాధ న్యాయమే. సాయంత్రం అయిదున్నర నుండి ఆరున్నర వరకే సాధన అని పెద్దల సమక్షంలో ఒడంబడిక కుదిరింది. నాలుగవ రోజు నుండి ఆ గార్డుగారే అయిదున్నరకు కుర్చీ వేసుకొని కూర్చుని నీలినీటిని చూస్తూ "పైకి, పైకి... చాలు" అని అరవసాగారు.

ఒక సాయంత్రం పాప నాయనమ్మగారు వచ్చారు. డెబ్బై అయిదేళ్లుంటాయి. గడప మీద కూర్చుని, కొంగుతో కళ్లజోడు తుడుచుకొంటూ చాలాసేపు విన్నారు. పాప ఊదడం ఆపగానే, "దీన్ని మేం తిత్తంటాం బాబూ" అన్నారు.

నేను కుర్చీ దగ్గరగా జరుపుకొన్నాను.

"మా నాయన పెద్దనాన్న ఊదీవోడు. పలాస పక్క మా ఊరు. బాగోతమోళ్లు ఎక్కడాడితే అక్కడికెళ్లీవోడు. నేను చిన్నపిల్లని. సంచిలో దయ్యముందని చెప్పి భయపెట్టీవోడు."

"తరువాత ఎవరికి నేర్పారు మామ్మగారూ?"

"ఎవరికి నేర్పుతాడు? కొడుకు రైల్లో చేరిపోయాడు కదా. ఈ ఊరొచ్చీసాడు. ఆ తోలు ఎలకలు కొట్టీసాయి."

పాప నాయనమ్మ ముఖం వంక, తన చంకలోని సంచి వంక మార్చిమార్చి చూసింది. "అయితే ఇది మనదేనా?" అని అడిగింది. ఆ ముసలావిడ "ఏమో తల్లీ, మనదానికి ఇన్ని గొట్టాల్లేవు" అని లేచి వెళ్లిపోయారు.

పోటీ జరిగింది. మా పిల్లలకు బహుమతి రాలేదు. ఏడు వాయిద్యాలతో వెళ్లారు. ఎండ తీవ్రతకు రెండింటి శ్రుతి చివరలో విడిపోయిందట. అయితే పరీక్షకుడు ఇచ్చిన కాగితాన్ని పాప తెచ్చి నాకు చూపించింది. మార్కులు తక్కువే. ఒకచోట మాత్రం, అన్ని డ్రోన్లూ ఒక్కసారిగా పలికాయని, ఆరంభం మెచ్చదగినదని ఒక వాక్యం వ్రాసి ఉన్నది. ఆ కాగితానికి వాళ్ల నాన్న లామినేషన్ చేయించాడు. మిగిలిన రెండు మూగ వాయిద్యాలు ప్రస్తుతం మా వరండాలో ఉన్నాయి. పాఠశాలవారే పంపారు. వాటిలో ఒకదాని సంచి నిజంగానే చినిగింది, దానికేదో ఉపాయం ఆలోచించాలి. మానోమీటరు దగ్గర ఇప్పుడు ముగ్గురు చిన్నపిల్లలు వంతులకై పోట్లాడుకొంటున్నారు. అందులో ఒకనికి ముందు రెండు పళ్లు లేవు, గాలంతా అక్కడే కారిపోతున్నది.

ఇక పాఠకులకు ఒక విన్నపం. మన సంస్థ ఉద్యోగులలో శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల పల్లెలకు చెందినవారు చాలామంది ఉన్నారు. మీ ఇళ్లలో గాని, మీ ఊరి భాగవతుల ఇళ్లలో గాని పాత తిత్తి ఏదైనా మిగిలి ఉన్నట్లయితే, చినిగినదైనా సరే, గొట్టం ఒక్కటే మిగిలినా సరే, సంపాదకుల పేర ఒక ఉత్తరం వ్రాయగలరు. దాని ఊదుగొట్టంలో వాల్వు ఉండేదా, లేక నాలుకతో మూసేవారా, పలికే గొట్టంలో పీకను దేనితో చేసేవారు, తోలును దేనితో పదును పెట్టేవారు అన్న సంగతులు తెలిసిన పెద్దలుంటే వారి మాటలను ఉన్నవి ఉన్నట్లు వ్రాసి పంపవలసినదిగా ప్రార్థన. కొలతలు కూడా ఇస్తే మరీ మంచిది. వచ్చే సెలవులలో పలాస వెళ్లి రావాలని నేను, పాప, నాయనమ్మగారు అనుకొంటున్నాము.